ఆ నవ్వు తీయాలి

ట్రాయ్, మిషిగన్
మార్చి 6, 1983

చి. జయంతికి,

కొండల్ రావు మామయ్య దీవెనలు. ఫోనులో అయిపోయేదానికి ఉత్తరం ఎందుకని నువ్వు విసుక్కుంటావని తెలుసు. ఫోనులో నువ్వు ఇంగ్లీషులోకి జారిపోతావు, నీ వెంట నేనూ జారిపోతాను. ఎనిమిదేళ్ల వయసులో ఈ దేశం వచ్చినదానివి. మీ అమ్మ పక్కన కూర్చోబెట్టి నేర్పిన అక్షరాలు ఇప్పుడు మరిచిపోయావంటే మా అక్క నిన్ను కాదు, నన్ను అంటుంది. అందుకని తెలుగులోనే రాయి. ఇంగ్లీషులో రాస్తే చదవకుండా తిప్పి పంపిస్తాను, ముందే చెప్తున్నా.

ఇక అసలు సంగతి. ఈ ఉత్తరం వెనకాలే ఒక డబ్బా వస్తుంది. అందులో ఒక రికార్డు ఉంది, ఎల్వుడ్ గారిది. నేను 1970లో డెట్రాయిట్‌లో దిగినప్పుడు మేడమీద గది ఇచ్చిన ముసలాయన, నువ్వు చిన్నప్పుడు ఒకసారి చూశావు. ఆ చలిలో నేను పది ఇళ్లు తిరిగితే పదిమందీ ఖాళీ లేదన్నారు. పదకొండోది నల్లవాళ్ల వీధిలో ఆయన ఇల్లు. ఆయన భార్య ఒడెస్సా గారు నా పేరు పలకబోయి, రాక, తనలో తనే నవ్వుకుని లోపలికి రమ్మన్నారు. రెండేళ్లు ఆ ఇంట్లో ఉన్నాను. మీ అత్తయ్య కాపురానికి వచ్చింది కూడా ఆ ఇంటికే. ఒడెస్సా గారు పోయిన డిసెంబరులో చనిపోయారు. ఇప్పుడు ఆ ఇంట్లోకి అడుగు పెడితే గడియారం తప్ప ఏమీ వినపడదు.

ఎల్వుడ్ గారు కార్ల ఫ్యాక్టరీలో ముప్ఫై నాలుగేళ్లు రేకులు వంచే ప్రెస్సుల దగ్గర పనిచేశారు. వయసులో ఉన్నప్పుడు శనివారాలు డాన్సు హాల్లో క్లారినెట్ వాయించేవారు. ఆ హాలు ఉన్న వీధిని కొట్టేసి ఫ్రీవే వేశారు, నేను డౌన్‌టౌన్‌కి డ్రైవ్ చేసేది దానిమీదే. 1941లో వాళ్ల బ్యాండ్ అక్కడ వాయిస్తుండగా ఒక స్నేహితుడు తన మెషిన్ తెచ్చి అక్కడికక్కడే చెక్కిన రికార్డు ఇది. ఆయన జీవితంలో ఇదొక్కటే. సూది గీకి పాడైపోతుందని భయపడి ఇరవై ఏళ్లుగా ముట్టుకోలేదట. దీన్ని క్యాసెట్‌లోకి ఎక్కించి ఇవ్వాలి. అందులో ఆయనకు కావలసినది ఒకటుంది, వింటే నీకే తెలుస్తుంది.

మా కంపెనీలో కారులోపల చప్పుడు తగ్గించడం నా ఉద్యోగం. పాత చప్పుళ్లను బతికించడం నీది. ఇద్దరం చెవులతోనే బతుకుతున్నామని మీ అత్తయ్య వేళాకోళం చేస్తుంది.

ఇట్లు,
మీ మామయ్య
కొండల్ రావు

*

హోబోకెన్, న్యూజెర్సీ
మార్చి 19, 1983

డియర్ మామయ్యా,

నమస్తే. స్పెల్లింగ్ తప్పులుంటే ఎర్ర పెన్ తీయకండి. డబ్బా బాగానే వచ్చింది. రికార్డుకి చుట్టిన గౌరి అత్తయ్య చీర చూసి మా స్టూడియోలో అందరూ ఆశ్చర్యపోయారు. ఇంత బాగా ప్యాక్ చేసిన రికార్డు మాకెప్పుడూ రాలేదు. చీర ఉతికి ఉంచాను.

మా స్టూడియో మీకు తెలుసు కదా, నలుగురమే. పాత జాజ్ రికార్డులు, అందులోనూ జనం ముందు వాయిస్తున్నప్పుడు చేసినవి, క్లీన్ చేసి మళ్లీ వేస్తాం. ‘డాక్టర్ కాకుండా ప్లేట్లు తుడుస్తోంది’ అని అమ్మ ఇంకా అందరికీ చెప్తూనే ఉంది. మీరొక్కరే ఎప్పుడూ అలా అనలేదు.

ఇది మామూలు రికార్డు కాదు మామయ్యా. అల్యూమినియం ప్లేటు మీద నల్లటి లక్క పూత. ఆ పూత అంచుల్లో పాత నెయిల్ పాలిష్‌లా లేస్తోంది. పైన తెల్లటి పొర ఉంటే మెల్లగా తుడిచాను. ఇలాంటివి రెండు మూడుసార్లు ప్లే చేస్తే అయిపోతాయి. అందుకే నిన్న ఒక్కసారే, చాలా లైట్‌గా పెట్టి విన్నాను.

వాళ్లకి ఒకటే మైక్ ఉన్నట్టుంది, అది కూడా స్టేజ్ మీద కాదు, టేబుల్స్ పైన వేలాడదీశారు. పియానో పక్కింట్లో ఉన్నట్టుంది. డ్రమ్స్ తలుపు మీద కొట్టినట్టు దబదబమంటాయి. కానీ ఎవరో ఫోర్క్ కింద పడేస్తే అది నా పక్కనే పడినట్టు వినపడింది. మా బాస్ ఎప్పుడూ అంటాడు, కొనేవాళ్లకి బ్యాండ్ కావాలి, భోజనాలు కాదు అని.

ఒక డౌట్. రెండు నిమిషాలు దాటాక క్లారినెట్ ఒకచోట కీచుమంటుంది. అది వాయించిన తప్పో, ప్లేటు పాడైందో తెలియడం లేదు. వెంటనే మైక్ దగ్గర ఒకామె పెద్దగా నవ్వుతుంది. నాలుగైదు సెకన్లు. ఆ నవ్వు క్లారినెట్ మీద పడుతోంది. ఏం చేయమంటారు? మీ జవాబు వచ్చేదాకా ముట్టుకోను.

ప్రేమతో,
జయంతి

*

ట్రాయ్
ఏప్రిల్ 2, 1983

చి. జయంతికి,

నీ ఉత్తరం చదివి సంతోషం పట్టలేక మీ అత్తయ్యను పొయ్యి దగ్గరనుంచి పిలిచి మళ్లీ పైకి చదివాను. చారు పొంగిపోయింది. ఉందన్నమాట. నలభై రెండేళ్లయినా ఉంది.

ఎవరి నవ్వో వేరే చెప్పాలా? ఆ నవ్వు తీయాలి బిడ్డా. మిగతాది ఎట్లా ఉన్నా ఫరవాలేదు, ఆ నవ్వు మాత్రం తీయాలి. జాగ్రత్తగా తియ్యి, పక్కన క్లారినెట్‌కు దెబ్బ తగలకుండా. ఎల్వుడ్ గారు అడిగింది అదొక్కటే. కీచు సంగతి నాకేమీ చెప్పలేదు, దాన్ని నీకు తోచినట్టు చేయి.

ఒక్క మనవి. తొందరగా చేయాలి. మొన్న ఆయన్ను చెవుల డాక్టర్ దగ్గరికి నేనే తీసుకువెళ్లాను. ప్రెస్సుల పక్కన ముప్ఫై నాలుగేళ్లు నిలబడ్డ చెవులు, ఇంకెన్ని నెలలు పనిచేస్తాయో చెప్పలేమన్నాడు. సన్నటి చప్పుళ్లు ముందు పోతాయట. ఇప్పటికే పక్షులు వినపడటం లేదు ఆయనకు. ఇంటికి వచ్చేటప్పుడు కారులో, ‘ఆ రికార్డు ఎప్పుడొస్తుంది కొండల్?’ అన్నారు. వినపడుతుండగానే ఆయన వినాలి. నాకున్న ఆదుర్దా అంతా అదే.

చీర అక్కడే ఉంచుకో, మళ్లీ చుట్టడానికి పనికొస్తుంది.

మీ మామయ్య

*

హోబోకెన్
మే 8, 1983

డియర్ మామయ్యా,

అయిపోయింది. క్యాసెట్ దీనితోనే పంపిస్తున్నాను.

మొదట బ్యాడ్ న్యూస్ చెప్పేస్తాను. మూడు సైజుల సూదులు పెట్టి మూడుసార్లు ప్లే చేసి పెద్ద టేపు మీద ఎక్కించాను. మూడోసారి అయిపోతుండగా లక్క ఒక్కసారిగా పెచ్చులుగా లేచిపోయింది. ప్లేటు తిరుగుతుంటే నల్లటి ముక్కలు రాలడం చూసి నేను ఏడ్చాను. ఎల్వుడ్ గారికి సారీ చెప్పండి. కానీ అప్పటికే పాట మొత్తం టేపు మీదకి వచ్చేసింది.

తర్వాత నాలుగు వారాంతాలు కూర్చున్నాను. టిక్కుమనే ప్రతి గీతనీ టేపులోంచి బ్లేడుతో కోసి, అంచులు కలిపి అతికించాలి. అలాంటివి నూట ఎనభై పైన ఉన్నాయి. హాల్లో రొద, కుర్చీల చప్పుడు, కింద బుయ్యిమనే కరెంటు మోత అన్నీ చాలావరకు పోయాయి. కీచు ఉన్నచోట ఒక ట్రిక్ చేశాను. ఆయన అదే వరస తర్వాత ఇంకోసారి వాయిస్తారు, ఈసారి తప్పు లేకుండా. ఆ ముక్కని కాపీ చేసి ఇక్కడ పెట్టాను. ఎవరూ కనిపెట్టలేరు.

మీరు చెప్పినట్టే నవ్వు తీశాను. అన్నిటికంటే అదే కష్టమైంది. క్లారినెట్‌కి దెబ్బ తగల్లేదు. మీరు వింటే నమ్మరు.

మా బాస్ విని, 1941 హాల్ రికార్డింగ్ ఇంత క్లీన్‌గా ఉండటం నేనెప్పుడూ వినలేదు అన్నాడు. ఆయన ఎవరినీ మెచ్చుకోడు. కానీ నాకు అంతకంటే సంతోషం ఏంటంటే, నేను చేసిన పని మన ఇంట్లోవాళ్లు వినడం ఇదే ఫస్ట్ టైమ్. విన్నాక మీరేమన్నారో, ఆయనేమన్నారో అంతా రాయండి. చిన్న విషయం కూడా వదలకండి.

ప్రేమతో,
జయంతి

*

ట్రాయ్
మే 22, 1983

జయంతీ,

అంతా రాయమన్నావు కదా, రాస్తున్నాను.

మధ్యాహ్నం మేమిద్దరం వెళ్లాము. మీ అత్తయ్య పులిహోర చేసుకొచ్చింది, అదంటే ఆ దంపతులిద్దరికీ ఇష్టం. ఎల్వుడ్ గారు టై కట్టుకుని కూర్చున్నారు. నువ్వు రాసిన ఉత్తరం ఆయనకు ముందే ఇంగ్లీషులో చెప్పాను, నవ్వు తీసిందని చెప్పాను. నా చేయి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. రికార్డు పెచ్చులైపోయిందంటే కూడా బాధపడలేదు. ఇంక దాంతో పనేముంది అన్నారు.

క్యాసెట్ పెట్టాము. నిజమే, అద్దంలా ఉంది. నిమిషం, రెండు నిమిషాలు. పాట అయిపోయింది. నవ్వు లేదు.

మెషిన్ తప్పేమోనని తిప్పి మళ్లీ పెట్టాను. రెండోసారీ లేదు. మూడోసారి పెట్టబోతుంటే ఆయన నా చేయి పట్టుకుని ఆపారు. ‘చాలా బాగా వాయిస్తున్నాడు. ఎవరతను?’ అన్నారు. మీరే కదా అన్నాను. అప్పుడు చెప్పారు. ఆ చోట ఆయన ఆ ఏడాదంతా ఒక్క శనివారం కూడా కీచుమనకుండా వాయించలేకపోయారట. ఆయన కీచుమనడం, ముందు బల్ల దగ్గర కూర్చున్న ఒడెస్సా గారు పగలబడి నవ్వడం మామూలట, అప్పటికి వాళ్లకింకా పెళ్లి కాలేదు. ఆ నవ్వు కోసమే సాధన చేయకుండా వదిలేశానన్నారు. ఆవిడ ఫోటోలు గోడనిండా ఉన్నాయి. గొంతు మాత్రం ఈ భూమ్మీద అదొక్కచోటే ఉంది.

ఉండేది. నువ్వు దాన్ని బ్లేడుతో కోసి చెత్తబుట్టలో పడేశావు. నవ్వు తీశాను అని నాకు రాసి మరీ పడేశావు. మీ బాస్ మెచ్చుకుంటే చాలనుకున్నావు. చనిపోయిన మనిషి నవ్వును మురికి అనుకుని తుడిచినదానివి, మీ అమ్మ అన్నదాంట్లో తప్పేముంది? ప్లేట్లు తుడవడానికైనా మనసుండాలి.

ఆయన నిన్నేమీ అనలేదు. థాంక్స్ చెప్పమన్నారు. అది నాకు ఇంకా కష్టంగా ఉంది.

కొండల్ రావు

*

హోబోకెన్
జూన్ 1, 1983

మామయ్య గారికి,

మీ ఏప్రిల్ ఉత్తరం ఇప్పుడు నా ముందుంది. మీరు రాసింది ఉన్నదున్నట్టు కాపీ చేస్తున్నాను. ‘ఆ నవ్వు తీయాలి బిడ్డా. మిగతాది ఎట్లా ఉన్నా ఫరవాలేదు, ఆ నవ్వు మాత్రం తీయాలి. జాగ్రత్తగా తియ్యి.’ మూడుసార్లు రాశారు. తీశాను.

నాకు తెలిసిన తెలుగులో బట్టలమీద మరక తీయడం, కాల్లో ముల్లు తీయడం, అన్నంలో రాయి తీయడం ఉన్నాయి. అమ్మ ఇంట్లో ‘టీవీ తీసెయ్యి’ అంటుంది, అంటే ఆపమని. తీయడం అంటే ఉంచడం అని నాకెవరూ చెప్పలేదు. డిక్షనరీ కూడా చూశాను, మొదటి అర్థం రిమూవ్ అనే ఉంది.

‘ఎవరి నవ్వో వేరే చెప్పాలా’ అని రాశారు. ఎవరో వేరే ఆమె అనుకున్నాను. పాట చెడగొట్టిన ఎవరో తాగిన ఆమె, ఆయనకి నలభై ఏళ్లుగా కోపం, అందుకే తీసేయమంటున్నారు అనుకున్నాను. మీరు రెండు పేజీల ఉత్తరంలో చారు పొంగిన సంగతి రాశారు. ‘ఆయన భార్య’ అనే ఒక్క మాట రాయలేదు.

మనసు లేదన్నారు. నాలుగు వారాంతాలు నేను ఆమె నవ్వు మీద తల వంచుకుని కూర్చున్నాను మామయ్యా. తీసే ముందు యాభైసార్లు వినుంటాను. చివరికి నాకది ఇష్టమైపోయింది కూడా. మీరు చెప్పారు కాబట్టి తీశాను. అమ్మ మాట మీ నోటినుంచి వస్తుందని అనుకోలేదు.

ఏ కోతా లేని మొదటి టేపు ఒకటి ఉండాలి. నేను కోసింది దాని కాపీని. కానీ బయటి పనుల టేపులు మా స్టూడియోలో మళ్లీ వాడేస్తారు. ఆ షెల్ఫులో ఇప్పుడది లేదు. వెతుకుతాను. దొరుకుతుందని ఆయనకి చెప్పకండి.

ఇంగ్లీషులో రాసుకుని ఉంటే ఇది జరిగేది కాదు. ఇకనుంచి నేను ఇంగ్లీషులోనే రాస్తాను. తిప్పి పంపినా ఫరవాలేదు.

జయంతి

*

ట్రాయ్
జూన్ 12, 1983

బిడ్డా,

నీ ఉత్తరం ముందు నేను చదివి గట్టిగా అరిచాను. తర్వాత మీ అత్తయ్య తీసుకుని చదివి, నా మాటలు నాకే పైకి వినిపించింది. ఇందులో ఆ పిల్ల తప్పేముందండీ అని అడిగింది.

ముల్లు తీస్తాం నిజమే. కానీ నువ్వుల్లోంచి నూనె తీస్తాం, బావిలోంచి నీళ్లు తీస్తాం, ఫోటో తీస్తాం, రాగం తీస్తాం. దాగి ఉన్నదాన్ని బయటకు తేవడం కూడా తీయడమే. ఆ రొదలో మునిగిపోయిన నవ్వును పైకి తీయమని నా ఉద్దేశం. నా తలలో ఉన్నది నీ తలలోనూ ఉంటుందనుకున్నాను. వేరే చెప్పాలా అంటే చెప్పనక్కరలేదని, అంత తెలిసిందే అని. తెలుగు రాయి రాయి అని నీ వెంటపడ్డవాణ్ణి, ఆ తెలుగు నీకెంత అందుతోందో ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. తప్పు నాది. మీ అమ్మ మాట ఎత్తుకోవడం ఇంకా పెద్ద తప్పు. దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను.

ఈ తీయడం గొడవంతా ఎల్వుడ్ గారికి విడమరిచి చెప్పాను. ఆయన కోపగించుకోకపోగా, ఆ అమ్మాయిని ఏమీ అనకు అని నన్నే మందలించారు. వాళ్ల బ్యాండులోనూ పెద్దాయన ‘టేక్ ఇట్’ అని అరిస్తే వాయించమని అర్థమట, తీసుకుపొమ్మని కాదట. కొత్తగా చేరిన ఒకతను పాపం మ్యూజిక్ స్టాండ్ ఎత్తుకుని పక్కకు పోయాడట. చెప్పి తనే చాలాసేపు నవ్వారు.

దొరుకుతుందని ఆయనకు చెప్పలేదు. వినికిడి మాత్రం తగ్గుతోంది. ఫోను మోగితే తెలియడం లేదు. తలుపు కొడితే తెలియదు, కిటికీ దగ్గరకు వెళ్లి చేయి ఊపుతున్నాను.

ఇంగ్లీషులోనే రాయి. చదువుతాను. అసలు రాయకుండా మాత్రం ఉండకు.

మీ మామయ్య

*

హోబోకెన్
సెప్టెంబర్ 3, 1983

డియర్ మామయ్యా,

ఇంగ్లీషులో మొదలుపెట్టి రెండుసార్లు చింపేశాను. ఈ విషయం మీతో తెలుగులోనే పాడైంది, తెలుగులోనే బాగుచేయాలి అనిపించింది.

ఒక నెల మీ మీద కోపంతో రాయలేదు. తర్వాత నుంచి వెతుకుతున్నాను. లంచ్ టైములో రోజూ పది టేపులు, డబ్బా మీద ఏం రాసున్నా పెట్టి వినడం. మొన్న సోమవారం ఒక చర్చి కాయర్ టేపు పెట్టాను. వాళ్లు నిమిషం పైన పాడి ఆపేశారు. ఆగిన చోట టక్కుమని, తర్వాత ఆ రొద. నాకు బాగా తెలిసిన రొద. కుర్చీలు, గ్లాసులు, దూరంగా పియానో. మన టేపు మీద ఎవరో కొత్త రికార్డింగ్ మొదలుపెట్టి మధ్యలో ఆపేశారు. మొదటి నిమిషంన్నర పోయింది. కీచు ఉంది. ఆమె ఉంది.

క్యాసెట్ పంపిస్తున్నాను. ఈసారి ఏమీ చేయలేదు. చేయాలని చూశాను. ఫిల్టర్ కొంచెం తిప్పి బుస్సుమనే హిస్ తగ్గిస్తే నవ్వు పలచబడిపోతోంది. ఆ రెండూ ఒకేచోట ఉన్నాయి మామయ్యా, దాన్ని వదిలి దీన్ని పట్టుకోలేను. అందుకే హాలంతా అలాగే ఉంచాను. మొదటిసారి ఎంత మురికిగా ఉందో అనుకున్నాను, ఇప్పుడు వింటుంటే అక్కడున్నవాళ్లకి అలాగే వినపడి ఉంటుంది కదా అనిపిస్తోంది. మా బాస్ విని, ఇది అమ్మకానికి పనికిరాదు అన్నాడు. అమ్మడానికి కాదు అన్నాను.

ఆలస్యం చేశాను. ఆయనకి వినపడిందో లేదో రాయండి. వినపడకపోయినా దాచకండి, నిజమే రాయండి.

ప్రేమతో,
జయంతి

*

ట్రాయ్
సెప్టెంబర్ 18, 1983

చి. జయంతికి,

నిజమే రాయమన్నావు, దాచను. ఆయనకు వినపడలేదు.

ఆలస్యం వల్ల అని నీ మీద వేసుకోకు. జూన్‌లో పెట్టినా వినపడేది కాదని డాక్టరే అన్నాడు, కావాలంటే మీ అత్తయ్యను అడుగు. ఆయన చెవికి కొత్త మెషిన్ కూడా పెట్టారు. ఆ మెషిన్ రొదను కూడా పెద్దది చేస్తుంది, అందులో ఏది ఏదో ఆయనకు తెలియదు.

ఇవాళ మధ్యాహ్నం క్యాసెట్ పెట్టాము. వాల్యూమ్ పూర్తిగా పెంచాను, కిటికీ అద్దాలు అదిరాయి. చర్చి వాళ్లు ఎందుకు పాడుతున్నారని ఆయన అడిగితే తర్వాత చెప్తానన్నాను. క్లారినెట్ వచ్చింది. కీచుమంది. అది ఆయనకు వినపడిందో, పాటలో ఆ చోటు తెలుసో, ముఖమంతా విప్పారింది. ‘అది నేను’ అన్నారు. వెంటనే వేలెత్తి నిలబడ్డారు, మమ్మల్ని మాట్లాడొద్దని. మీ అత్తయ్యకు, నాకు ఆవిడ నవ్వు గదినిండా వినపడింది. నా పేరు పలకలేక తలుపు దగ్గర నవ్విన నవ్వే. మీ అత్తయ్య వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆయన వేలు ఇంకా అట్లాగే పైకి ఉంది. పాట అయిపోయింది.

‘వచ్చిందా?’ అన్నారు. వచ్చింది అన్నాను. తిప్పి పెట్టాను. నాలుగుసార్లు పెట్టాను. స్పీకర్‌కు చెవి ఆనించి కూర్చున్నారు. ఆఖరికి చెవి మెషిన్ తీసి బల్లమీద పెట్టి, వర్షం పడుతున్నట్టుంది కొండల్, అంతే, అన్నారు. నాకు ఏడుపొచ్చింది బిడ్డా, సిగ్గేముంది.

కాసేపటికి ఆయనే, ‘నీకు బాగా వినపడిందా?’ అన్నారు. తల ఊపాను. ‘ఎట్లా నవ్వింది?’ అన్నారు. ఆయన కుడిచెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా చెప్పడం మొదలుపెట్టాను. కీచుమన్న అర సెకనుకు మొదలైంది, మొత్తం అయిదు సెకన్లు, మొదట పైనుంచి కిందికి దిగింది, మధ్యలో ఒకసారి తెగింది. ఆఫీసులో ఇంజన్ చప్పుడు మీద రిపోర్టు ఇచ్చినట్టే చెప్పాను. ఇంకేం చేతవును నాకు? ఆయన విసుగ్గా చేయి అడ్డం పెట్టారు.

‘చెప్పకు’ అన్నారు. ‘నవ్వు.’

నీ మామయ్య ఎట్లా నవ్వుతాడో నీకు తెలుసు, పెళ్లిళ్లలో కూడా నవ్వడు. అయినా నవ్వాను. ఆయన తల అడ్డంగా ఊపి, అది నీ నవ్వు, ఆమెది కాదు అన్నారు. టేపు మళ్లీ పెట్టి విను అన్నారు. విన్నాను. రెండోసారి నవ్వాను. ముందు ఊపిరి లోపలికి లాగుతుంది, అది మరిచిపోయావు అన్నారు. నిజమే, టేపులో ఉంది, నేను పట్టించుకోలేదు. మూడోసారి మళ్లీ విని నవ్వాను. చివర ఆపుకోలేక ముక్కుతో ఒకసారి శబ్దం చేస్తుంది చూడు అన్నారు. మీ అత్తయ్య వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఆమె ముందు ఆడమనిషిలా నవ్వడం నాకేమీ అనిపించలేదు.

నాలుగోసారి ఊపిరి లాగి, పైనుంచి దిగి, మధ్యలో తెగి, ముక్కుతో ఆపాను. ఆయన ఏమీ దిద్దలేదు. కళ్లు మూసుకుని, కుడిచెవి నా వైపు ఇంకా దగ్గరగా తెచ్చి, ‘మళ్లీ’ అన్నారు.

మళ్లీ నవ్వాను.

మీ మామయ్య
కొండల్ రావు